కరెంటు పెట్టకముందు విప్పండి, ధర చెప్పకముందు లోపం చెప్పండి

(నెల్లూరులో పాలిటెక్నిక్ విద్యార్థులు, కంప్యూటర్ మరమ్మతు షాపులవాళ్ళ ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చారు, సంతోషం. వెనక నిలబడ్డవాళ్ళు కొంచెం ముందుకు రండి. బల్ల మీదున్న మెషీన్లు దగ్గర్నుంచి చూస్తేనే నేను చెప్పేది తలకెక్కుతుంది.

పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసి అమ్మడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అసలు ఏది పాతదో ముందు తేల్చుకుందాం. మన షాపులకు రోజూ వచ్చేవాటిలో చాలావరకు సెకండ్ హ్యాండ్ సరుకు. ఆఫీసులు వాడి వదిలేసినవి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 కంపెనీ లెక్క ప్రకారం నడవాలంటే, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే మొదలు. దాంతో అంతకు ముందు తరాలవి లాట్లు లాట్లుగా బయటపడుతున్నాయి. వాటి రేటు ఏటేటా పడిపోతుంది కాబట్టి తెచ్చిన సరుకు తెచ్చినట్టే తిప్పెయ్యాలి. అదొక వ్యాపారం. తప్పేం లేదు, నా షాపు అద్దె కూడా దాంతోనే గడుస్తుంది.

వింటేజ్, అంటే పాతదైనా అదే కావాలని జనం కోరి కొనే సరుకు, దాని సంగతి వేరు. దాని రేటు పడీ పడీ ఒకచోట నిలబడుతుంది, కొన్నిటికి మళ్ళీ లేస్తుంది. ఇదిగో, ఇది థింక్‌ప్యాడ్ ఎక్స్220. 2011లో వచ్చింది. కీబోర్డ్ మీద వేళ్ళు పెట్టి చూడండి. ఏడు వరసల కీలు, ప్రతి కీకి లోపలికి సరైన లోతు. ఎక్స్ సిరీస్‌లో ఈ పాత పద్ధతి కీబోర్డ్ దీంతోనే ఆఖరు. మరుసటి ఏడాది వచ్చిన ఎక్స్230కి ఆరు వరసల కొత్త కీబోర్డ్ పెట్టేశారు. రోజంతా టైపు చేసేవాళ్ళు ఇప్పటికీ దీన్ని వెతుక్కుంటూ వస్తారు. స్పీడు కోసం కొనేవాళ్ళు కాదు వాళ్ళు. ఈ వస్తువే కావాలని కొనేవాళ్ళు. మనం మాట్లాడుకునేది వాళ్ళ గురించి, వాళ్ళకి అమ్మే మెషీన్ గురించి.

పిల్లలకి కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే చేతిలో ఉన్నది ఏంటో తెలియకపోతే దాని విలువా తెలియదు. 1981లో ఆస్బర్న్ 1 అని వచ్చింది. దాదాపు 11 కిలోల బరువు, లోపల బ్యాటరీ లేదు, సూట్‌కేసులా మోసుకెళ్ళి గోడకి ప్లగ్గు పెట్టుకోవాలి. 1982లో గ్రిడ్ కంపాస్ వచ్చింది. స్క్రీన్‌ని కీబోర్డ్ మీదకి మూసే పద్ధతిని బిల్ మోగ్రిడ్జ్ అనే డిజైనర్ అందులో చూపించాడు. అమెరికా వాళ్ళ స్పేస్ షటిల్‌లో కూడా దాన్ని వాడారు. 1985లో తోషిబా టీ1100. 1991 అక్టోబర్‌లో యాపిల్ వాళ్ళు పవర్‌బుక్ తెచ్చి, కీబోర్డ్‌ని వెనక్కి జరిపి, ముందు మణికట్లు ఆనించుకునే జాగా ఇచ్చారు. ఇవాళ మీ ఒళ్ళో ఉన్న ఏ ల్యాప్‌టాప్ చూసినా ఆ అమరికే. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సీ. నల్లటి పెట్టె, మధ్యలో ఎర్రటి చుక్క. రిచర్డ్ శాపర్ అనే జర్మన్ డిజైనర్ పని అది. జపాన్ వాళ్ళ భోజనం డబ్బా చూసి ఆ రూపం అనుకున్నాడని చెబుతారు. ఇన్నేళ్ళయినా ఆ ఎర్రచుక్క పోలేదు.

అవన్నీ మన నెల్లూరులో దొరుకుతాయని చెప్పడం లేదు. మన అటకల మీద నుంచి దిగేవి 1997 నుంచి 2010 దాకా వచ్చిన తోషిబాలు, కాంపాక్‌లు, ఐబీఎంలు, డెల్‌లు. వై2కె రోజుల్లో, అంటే 2000 సంవత్సరం దగ్గర్లో, అమెరికా వెళ్ళిన పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు "నాన్నా, నువ్వు వాడుకో" అని ఇచ్చిపోయినవి చాలా ఉంటాయి. నాన్న దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెడతాడు. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అది బయటికొస్తుంది. గుజరీ కొట్టుకి వెళ్తే కిలోల లెక్క. అక్కడికి వెళ్ళకముందే మన చేతికి రావాలి. అందుకే నేను గుజరీ వాళ్ళందరితో స్నేహంగా ఉంటాను. ల్యాప్‌టాప్ కనపడితే సుత్తి వెయ్యకుండా నాకు ఫోన్ చేస్తారు. అమెరికా మెషీన్ అయితే అడాప్టర్ మీద ఇన్‌పుట్ అని ఉన్నచోట చదవండి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే మన కరెంటుకి పనికొస్తుంది, పిన్ను మార్చుకుంటే చాలు.

ఇప్పుడు అసలు సంగతి. ఇరవై, పాతికేళ్ళు మూలన పడున్న మెషీన్ ఇంటికి రాగానే ఎవరైనా చేసే మొదటి పని స్విచ్ నొక్కడం. నొక్కొద్దు. చెయ్యి ఎంత దురద పెట్టినా ఆగండి. ముందు విప్పండి.

ఎందుకో చూపిస్తాను. ఇది 1990ల చివరి తోషిబా, కావలి నుంచి వచ్చింది. పైన చూస్తే గీత కూడా లేదు. కీబోర్డ్ తీశాను, కింద ఈ మూల చూడండి. పలకల్లాంటి చిన్న సెల్స్‌ని ఒకదానిపై ఒకటి పేర్చి ప్లాస్టిక్ చుట్టారు. మెషీన్ ఆపేసినా గడియారం, సెట్టింగులు పోకుండా కాపాడే బ్యాటరీ ఇది. నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. ఇప్పటి మెషీన్లలో ఉండే సీఆర్2032 బిళ్ళకి లేని గుణం దీనికి ఒకటుంది: ఏళ్ళ తరబడి వదిలేస్తే కారుతుంది. కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, గట్టి క్షారం. ఈ ఆకుపచ్చ, తెల్లటి పొడి అదే. దగ్గరికి రా అమ్మా, ఈ భూతద్దం పట్టుకుని చూడు. పొడి ఉన్నచోటే ఆగిపోయిందని అనుకుంటాం. ఈ రాగి గీత చూడు, ఇక్కడి నుంచి రంగు మారింది. పైన ఉన్న ఆకుపచ్చ పూత కిందుగా, గోడలో చెద పాకినట్టు, ఇంత దూరం వచ్చింది. ఇక్కడ ఈ సన్న రంధ్రంలోంచి బోర్డు అవతలి వైపుకీ దిగింది. ఈ స్థితిలో కరెంటు ఇస్తే రెండు గీతలు కలిసిపోయి, అప్పటిదాకా బాగున్న చిప్ కూడా పోతుంది. అంతసేపూ బతికే ఉన్న మెషీన్‌ని మనమే చంపినట్టు.

వైద్యం కష్టమేం కాదు, ఓపిక కావాలి. బ్యాటరీని కత్తిరించి తీసెయ్యాలి. క్షారాన్ని విరగ్గొట్టడానికి కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ చాలు. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లకి అద్ది, మచ్చ ఉన్నంతమేర తుడవాలి. బుడగలు రావడం ఆగేదాకా. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, ఆ తర్వాత మెత్తటి బ్రష్‌తో ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మన మొబైల్ షాపుల్లో థిన్నర్ వాడేస్తుంటారు. దయచేసి పాత మెషీన్ల దగ్గరికి థిన్నర్ తేవద్దు, ప్లాస్టిక్‌ని తినేస్తుంది, కీల మీద అక్షరాలు లేపేస్తుంది. బాగా ఆరాక మల్టీమీటర్ బీప్‌లో పెట్టి ఒక్కో గీతా పరీక్షించాలి. తెగినచోట వెంట్రుకంత సన్న ఎనామిల్ తీగతో కలపాలి. ఇదంతా అయ్యాక కూడా నేరుగా అడాప్టర్ పెట్టను. కరెంట్ లిమిట్ ఉన్న డీసీ పవర్ సప్లైతో తక్కువ ఆంపియర్లు పెట్టి, మీటర్ ఎంత చూపిస్తుందో చూసి, ఆ తర్వాతే స్విచ్.

అదే కాలపు మెషీన్లలో రెండో శత్రువు కెపాసిటర్లు, అంటే కరెంటుని కాస్త నిల్వ పెట్టే భాగాలు. బోర్డు పైభాగానే అతికించే (సర్ఫేస్ మౌంట్) చిన్న అల్యూమినియం డబ్బాలు. 1990ల పవర్‌బుక్‌లు, తోషిబాల పవర్ బోర్డుల్లో బాగా కనిపిస్తాయి. అడుగు నుంచి నెమ్మదిగా కారతాయి, కంటికి కనపడదు. సోల్డరింగ్ ఐరన్ తగిలించగానే మాత్రం చేపల వాసన గుప్పుమంటుంది. నెల్లూరు వాళ్ళకి ఆ వాసన గుర్తుపట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ వాసన వచ్చిందంటే ఒకటి మార్చి ఊరుకోవద్దు, ఆ బోర్డు మీద ఆ రకం అన్నీ మార్చండి.

ఇక్కడ మన జిల్లాల గాలి గురించి చెప్పాలి. ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పేవాళ్ళు ఎక్కువగా చల్లటి, పొడి దేశాలవాళ్ళు. మన సంగతి వేరు. మైపాడు నుంచి, కొత్తపట్నం నుంచి వచ్చే ఉప్పుగాలి, మే నెలలో మాడ్చే ఎండ, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు. ఇవన్నీ కలిసి మెషీన్‌ని త్వరగా ముసలిదాన్ని చేస్తాయి. పైన మెత్తటి రబ్బరు పూత ఉన్న మోడళ్ళు తేమకి జిగురుగా మారిపోతాయి. పాత స్క్రీన్ల లోపల పోలరైజర్ అని ఒక ఫిల్ము ఉంటుంది. సెల్యులోజ్ ట్రైఅసిటేట్‌తో చేస్తారు. వేడి, తేమ కలిస్తే అది విడిపోయి ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. అంటే వెనిగరే. మూత తెరవగానే ఊరగాయ జాడీ మూత తీసినట్టు పుల్లటి వాసన వస్తే, స్క్రీన్ మీద బుడగలూ పగుళ్ళూ ఉంటే, జబ్బు అదే. ఆ ఆవిరి పక్కనున్న స్క్రీన్లకి కూడా చేటు. వెంటనే వేరే గదిలో పెట్టండి. ఫిల్ము ఒలిచి, జిగురు తుడిచి, కొత్తది సరైన కోణంలో అంటించొచ్చు. మొదటిసారి చేసేవాళ్ళు పాడైపోయిన స్క్రీన్ మీద చేతులు తిప్పుకోవాలి.

కాబట్టి అటక మీద పెట్టొద్దు. శ్లాబు కింద వేడి మీకు తెలుసు. కింద గదిలో, నేలకి ఎత్తుగా, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఎత్తుగా అని ఎందుకంటున్నానో 2021 నవంబర్ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. ఆ తర్వాత కోవూరు వైపు నుంచి బురద నీళ్ళలో నానిన ల్యాప్‌టాప్‌లు షాపులకి సంచుల్లో వచ్చాయి. వాటిలో బతికినవి ఏవంటే, యజమాని స్విచ్ నొక్కకుండా తెచ్చినవి.

మిగతా పని మీకు తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. ఫ్యాను తీసి దుమ్ము దులపడం, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చడం, హింజ్‌ల దగ్గర ఊడిన ఇత్తడి మరలని ఎపాక్సీతో నిలబెట్టడం. పాత మెషీన్లలో డిస్క్‌ని బోర్డుకి కలిపే పద్ధతి పేరు ఐడీఈ. ఆ 44 పిన్నుల ఐడీఈ హార్డ్ డిస్క్ గరగరమంటుంటే దాని చోట అడాప్టర్‌తో కాంపాక్ట్‌ఫ్లాష్ మెమరీ కార్డు పెట్టొచ్చు, ఎందుకంటే ఆ కార్డు లోపల మాట్లాడేది కూడా ఐడీఈ భాషే. బాగా పాత బయోస్‌లు, అంటే మెషీన్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రాములు, 528 ఎంబీ దాటితే చూడలేవు, కొన్ని 8.4 జీబీ దగ్గర ఆగుతాయి. కార్డు కొనేముందు చూసుకోండి. 2009కి ముందు స్క్రీన్లలో ఎక్కువభాగం వెనక సన్నటి ట్యూబ్‌లైటు ఉంటుంది. ఎర్రటి ఛాయతో వెలిగి వెలుతురు తక్కువగా ఉంటే ట్యూబు ముసలిదైంది. అందులో పాదరసం ఉంది, విరగ్గొట్టొద్దు.

బ్యాటరీ దగ్గర మాత్రం తొందర వద్దు. ప్యాక్ లోపల 18650 అనే గొట్టం లాంటి లిథియం సెల్స్ ఉంటాయి. ఒక్కోటి మామూలుగా 3.6, 3.7 వోల్టులు, నిండితే 4.2. ఏళ్ళ తరబడి ఖాళీగా పడి రెండున్నర వోల్టుల కిందకి పోయిన సెల్‌ని బలవంతంగా ఛార్జ్ చెయ్యకండి. స్పాట్ వెల్డర్ లేకుండా, సెల్ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టి ప్యాక్ కట్టడం చూశాను. ఆ వేడికి లోపల పొర పోతుంది, ఎప్పుడో ఒక రాత్రి షాపు తగలబడుతుంది. చేతకాకపోతే బ్యాటరీ లేకుండా అమ్మండి, లేదని చెప్పండి. ఉబ్బినవి అయితే అమ్మకానికి కాదు, పోస్టుకీ కాదు.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయం. 2006 నుంచి 2008 దాకా వచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌ల గ్రాఫిక్స్ చిప్‌లలో ప్యాకింగ్ పదార్థమే బలహీనం. చిప్ లోపల సన్నటి కనెక్షన్లు వేడికి, చల్లదనానికి చిట్లిపోతాయి. ఆ చిప్‌లు చేసిన ఎన్‌విడియా కంపెనీయే 2008 జూలైలో ఒప్పుకుని దాని కోసం డబ్బు పక్కన పెట్టింది. అలాంటి మెషీన్ స్క్రీన్ మీద గీతలు వస్తాయి, లేదా నల్లగా ఉండిపోతుంది. హాట్ ఎయిర్ పెట్టి చిప్‌ని కాలిస్తే మళ్ళీ వెలుగుతుంది. కొన్ని రోజులో, కొన్ని వారాలో. అంతే. లోపల చిట్లింది అతుక్కోదు, తాత్కాలికంగా తగులుతుంది. అలా కాల్చి, వెలుగుతున్నప్పుడు వీడియో తీసి, "ఫుల్ వర్కింగ్" అని అమ్మేవాళ్ళు ఉన్నారు. కొన్న పిల్లాడు నెల తర్వాత ఫోన్ చేస్తే నంబర్ బ్లాక్. అది మరమ్మతు కాదు, మోసం. మన వృత్తికి చెడ్డపేరు తెచ్చేది అదే. ఆ చిప్ ఉన్న మెషీన్ మీ దగ్గరికి వస్తే, ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న మదర్‌బోర్డ్ దొరికితే మార్చండి. దొరకకపోతే విడిభాగాలకి విప్పి, అలాగే చెప్పి అమ్మండి.

సరే, ఎవరు కొంటారు? ఈ ప్రశ్న పిల్లలు ఎక్కువ అడుగుతారు.

సేకరించేవాళ్ళు ఉన్నారు, హైదరాబాద్‌లో, బెంగళూరులో, చెన్నైలో. వాళ్ళకి స్టిక్కర్‌తో సహా ఒరిజినల్‌గా ఉండాలి. చిన్నప్పటి ఆటలు విండోస్ 98 మీదే ఆడాలనుకునేవాళ్ళు ఉన్నారు. ఇలాంటి ఎక్స్220లో ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, పెట్టి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుని చదువుకునే విద్యార్థులు ఉన్నారు. ఈ మూడు రకాలూ ఎక్కడైనా ఉంటాయి. మన జిల్లాల్లో ఇంకో రెండు రకాలు ఉన్నాయి, అవి నాకు ఎక్కువ ఇష్టం.

ఒకటి చీమకుర్తి వైపు. గెలాక్సీ గ్రానైట్ రాళ్ళ లారీలు తూచే వేబ్రిడ్జిలు ఉంటాయి కదా. కాటా దగ్గరుండే డిస్‌ప్లే పెట్టె, తూకాన్ని సీరియల్ పోర్ట్ మీద, అంటే తొమ్మిది పిన్నుల ఆర్‌ఎస్232 కేబుల్ మీద కంప్యూటర్‌కి పంపుతుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్ట్ లేదు. యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే చాలాసార్లు నడుస్తుంది. కానీ విండోస్‌కి ముందున్న డాస్ కాలపు సాఫ్ట్‌వేర్ కొన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగకుండా నేరుగా పోర్ట్ చిరునామాతోనే మాట్లాడతాయి. వాటికి కన్వర్టర్ కనపడనే కనపడదు. అలాంటి చోట ఆ పాత కంప్యూటర్ పోయిందంటే లారీలు లైన్లో ఆగిపోతాయి. "అక్కా, కొత్త సాఫ్ట్‌వేర్ రాయించేదాకా నాకు మెషీన్ కావాలబ్బా, ఎంతైనా ఇస్తా" అని పొద్దున్నే ఫోన్. డెల్ లాటిట్యూడ్ డీ630, 2007 మోడల్, వెనక అసలైన సీరియల్ పోర్ట్ ఉంది. ఇంటెల్ గ్రాఫిక్స్ రకం చూసి ఇస్తే ఏళ్ళు నడుస్తుంది. అవసరంలో ఉన్నాడు కదా అని రేటు రెట్టింపు చెప్పకండి. ఆయన పక్క క్వారీ వాళ్ళకి మీ నంబర్ ఇస్తాడు.

రెండోది డీటీపీ వాళ్ళు, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చి అచ్చుకి ఇచ్చేవాళ్ళు. కావలి, కందుకూరు, ఒంగోలు, ఎక్కడికెళ్ళినా పాత డీటీపీ షాపుల్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము, అను అనే తెలుగు ఫాంట్లు. ఇరవై ఏళ్ళ శుభలేఖలు, గుడి కరపత్రాలు, స్థానిక కవుల పుస్తకాలు ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి. అవి యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనపడే పద్ధతిలో లేవు. తెలుగు అక్షరం ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో దాచిన ఫాంట్లు అవి. ఆ ఫాంటు లేని కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌కి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, మనిషి కూర్చుని సరిచూడాలి. ఆ సరిచూసేదాకా విండోస్ ఎక్స్‌పీ నడిచే మెషీన్ ఒకటి బతికి ఉండాలి. ఒక కవి పోయాక ఆయన రాసింది ఎక్కడుందో వెతికితే, డీటీపీ షాపులో ఆగిపోయిన ల్యాప్‌టాప్‌లో తేలింది. డిస్క్ బాగుంది, బోర్డు పోయింది. అదే మోడల్ ఇంకోటి వెతికి డిస్క్ మార్చి పెడితే ఆ ఇంటివాళ్ళు స్క్రీన్ ముందు కూర్చుని పేజీ పేజీ చదువుకున్నారు. మన పనికి ఇంతకంటే పెద్ద ఫలం నేను చూడలేదు.

ఆ మాట మీదే ఇంకోటి. మెషీన్ కొనగానే డిస్క్ గురించి అమ్మినవాళ్ళని అడగండి. ఫొటోలు ఉంటే పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వండి, డబ్బు తీసుకోకండి. తర్వాత పూర్తిగా తుడవండి. క్విక్ ఫార్మాట్ కొడితే లోపలిది అలాగే ఉంటుంది. డిస్క్ మొత్తం సున్నాలతో ఒకసారి నింపాలి. ఎస్‌ఎస్‌డీ అయితే సెక్యూర్ ఎరేజ్ అనే, మొత్తం తుడిచే ఆదేశం ఇవ్వాలి. ఒకరి ఇంటి ఫొటోలు ఇంకొకరికి అమ్మే హక్కు మనకి లేదు.

విండోస్ విషయంలో, అడుగున లైసెన్స్ స్టిక్కర్ ఉన్నదే వెయ్యండి, లేదంటే లినక్స్. క్రాక్ వేసి అమ్మొద్దు. ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న అయిపోయింది. ఆ మెషీన్‌లో బ్యాంకు పని, డబ్బు చెల్లింపులు చెయ్యొద్దని కొన్నవాళ్ళకి నోటితో చెప్పండి, కాగితం మీద కూడా రాసివ్వండి.

ఇక ధర. కొన్నది రెండు వేలు అనుకుందాం. ఎస్‌ఎస్‌డీయో కార్డో, అడాప్టరో, పేస్టు, పార్సిల్ ఖర్చు. ఇవి అందరూ వేస్తారు. మన సమయం ఎవరూ వెయ్యరు. ఒక పూట కూర్చుని తుడిచిన రాగి గీతలకి కూలి వెయ్యాలి, సిగ్గుపడక్కర్లేదు. అలాగే బాగుపడని మెషీన్ల నష్టం కూడా బాగుపడ్డవాటి మీదే పడుతుంది, దానికీ కొంత కలపాలి. ఆ తర్వాత వచ్చే అంకె మార్కెట్ కంటే ఎక్కువైతే, ఆ మోడల్ ఇంకెప్పుడూ కొనకండి.

ధరకంటే ముందు లోపాల కాగితం రాయండి. ఇదిగో, ఈ థింక్‌ప్యాడ్ టీ60కి నేను రాసింది చదువుతాను. 2006 మోడల్ ఇది. ఐబీఎం కంప్యూటర్ విభాగాన్ని లెనోవో 2005లో కొనేసినా, మొదట్లో వచ్చిన వీటి మీద ఐబీఎం బొమ్మే ఉంది. వినండి: "స్క్రీన్ పైన ఎడమ మూల బియ్యపుగింజంత తెల్ల మచ్చ. మూత మీద రెండు గీతలు, ఫొటోలో చూడండి. స్పేస్ బార్ మెరుపెక్కింది. బ్యాటరీ ఒరిజినల్, ఛార్జ్ నిలవదు, ప్లగ్గులోనే వాడాలి. ఫ్యాను కొత్తది, ఒరిజినల్ కాదు, పాతది పార్సిల్‌లో పెట్టాం. బయోస్ పాస్‌వర్డ్ లేదు. సీడీ డ్రైవ్ రాసిన సీడీలు చదవదు, కొన్న సీడీలు చదువుతుంది." అంతే. ఈ కాగితం ఫొటో తీసి ప్రకటనలో మొదటి ఫొటోగా పెడతాను. కొత్తల్లో మా తమ్ముడు "ఇలా రాస్తే ఎవరు కొంటారక్కా" అన్నాడు. దూరం నుంచి కొనేవాడికి చేతితో పట్టుకుని చూసే వీలు లేదు. వాడి టెన్షన్ అంతా మనం దాచింది ఏముందోనని. అన్నీ ముందే చదివినవాడు బేరం తక్కువ ఆడతాడు, వెనక్కి పంపడు. బయోస్ పాస్‌వర్డ్ సంగతి ముఖ్యంగా చూడండి. థింక్‌ప్యాడ్‌లలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ బోర్డు మీద ఒక చిన్న మెమరీ చిప్‌లో ఉంటుంది. బిళ్ళ బ్యాటరీ తీస్తే పోదు. కొనేటప్పుడే ఎఫ్1 నొక్కి చూడండి.

పంపేటప్పుడు స్క్రీన్‌కీ కీబోర్డ్‌కీ మధ్య సన్న ఫోమ్ షీటు, బయట రెండు అట్టపెట్టెలు, ఒకదాంట్లో ఒకటి. వానాకాలం అయితే మొత్తం పాలిథీన్.

చట్టం గురించి రెండు మాటలు. ఈ-వేస్ట్ నిర్వహణ నిబంధనలు 2022లో వచ్చి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటిలో రీఫర్బిషర్, అంటే పాతవి బాగుచేసి అమ్మేవాళ్ళు, ఒక ప్రత్యేక వర్గం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆఫీసుల నుంచి లాట్లు కొనే స్థాయికి వెళ్ళాలనుకునేవాళ్ళు ముందే మీ ఆడిటర్‌తో కూర్చోండి. బ్యాటరీలకి వేరే నిబంధనలు ఉన్నాయి, అవీ 2022వే. పనికిరాని బోర్డులు, సెల్స్ పెన్నలోకో మురుగు కాలవలోకో కాకుండా అనుమతి ఉన్న రీసైక్లర్‌కి చేర్చడం మన బాధ్యత. బంగారం కోసం బోర్డులు కాల్చే పొగ పీల్చేది పక్క వీధి పిల్లలే.

(సభలోంచి ఒక విద్యార్థి: పార్టులు ఎక్కడ దొరుకుతాయి మేడం?)

మంచి ప్రశ్న. అన్నిటికంటే నమ్మకమైన పార్టు, అదే మోడల్ చచ్చిపోయిన ఇంకో మెషీన్. అందుకే స్క్రీన్ పగిలినవి, బోర్డు పోయినవి కూడా చవగ్గా దొరికితే కొనిపెట్టుకోండి, మోడల్ పేరు రాసి డబ్బాలో వెయ్యండి. ఒక్క మోడల్ పట్టుకుని దాన్నే నేర్చుకోవడం మొదలుపెడితే మంచిది. దాని స్క్రూలు కళ్ళు మూసుకుని చెప్పగలగాలి. హైదరాబాద్ వెళ్ళేవాళ్ళకి సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. మనకి దగ్గర చెన్నై రిచీ స్ట్రీట్. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. పాత పార్టు జేబులో పెట్టుకుని వెళ్ళండి, నంబర్ చెబితే ఇంచుమించు పోలినది చేతిలో పెడతారు. కీబోర్డ్ అయితే రిబ్బన్ కేబుల్ ఏ వైపు తిరిగిందో పక్కపక్కన పెట్టి చూసుకోండి. కెపాసిటర్లు కొత్త తయారీవే తీసుకోండి, పాత బోర్డుల నుంచి పీకినవి వద్దు. ఆదివారం మాత్రం వెళ్ళకండి, ఎక్కువ షాపులు మూసే ఉంటాయి.